స్టెరాయిడ్ సూది తర్వాత కడుపులో బిడ్డ: నెమ్మదించిందా, నీరసించిందా?

నెలలు నిండకముందే కాన్పు వచ్చేలా ఉంటే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారని, అవి బిడ్డ ఊపిరితిత్తుల కోసమని ఇప్పుడు చాలా ఇళ్లలో తెలుసు. ఆ తర్వాత రెండో రోజునో మూడో రోజునో ఏం జరుగుతుందో మాత్రం ముందుగా చెప్పేవాళ్లు తక్కువ. తల్లికి బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తుంది. నర్సు పొట్టకు బెల్టులు కట్టి గుండె చప్పుడు గ్రాఫు తీస్తే, నిన్నటిదాకా ఎగుడుదిగుడుగా సాగిన గీత ఇవాళ కాస్త చదునుగా వస్తుంది. స్కానింగ్‌లో బిడ్డ ఛాతీ కదలడం కనిపించడం లేదంటారు. బిడ్డకు ఆక్సిజన్ సరిగా అందనప్పుడు కనిపించే లక్షణాలు కూడా దాదాపు ఇవే. బిడ్డను కాపాడటానికి ఇచ్చిన మందే, బిడ్డ ప్రమాదంలో ఉందేమో అనిపించేలా చేస్తుందన్నమాట.

ఇక్కడ పొరపాటు రెండు వైపులా జరగొచ్చు. మందు ప్రభావాన్ని చూసి బిడ్డ ఇబ్బంది పడుతోందనుకుని, 29 వారాల బిడ్డను హడావిడిగా సిజేరియన్ చేసి బయటికి తీయడం ఒకటి. నిజంగా ఇబ్బందిలో ఉన్న బిడ్డ విషయంలో ‘ఆ, స్టెరాయిడ్ వల్లేలే’ అని ఊరుకోవడం ఇంకొకటి. మొదటి పొరపాటుతో బిడ్డ అక్కర్లేకుండా వారాల తరబడి ఇంక్యుబేటర్‌లో గడపాల్సి వస్తుంది. రెండో దానితో బిడ్డే దక్కకపోవచ్చు. ఈ రెంటి మధ్య దారి చూపడానికి కావలసింది ముందుగా ఒక చిన్న సమాచారం: ఏ మందు ఇచ్చారు, మొదటి డోసు ఏ గంటకు ఇచ్చారు. అది చేతిలో ఉంటే గ్రాఫును చాలావరకు సరిగానే చదవొచ్చు. లేకపోతే అనుభవమున్న డాక్టరు కూడా తడబడతారు.

గొర్రెపిల్లల నుంచి మన వార్డుల దాకా

1960ల చివర్లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో గ్రాహం లిగ్గిన్స్ అనే ప్రసూతి వైద్యుడు గొర్రెల మీద ప్రయోగాలు చేస్తుండేవారు. ఆయన వెతుకుతున్నది ఊపిరితిత్తుల గురించి కాదు. కాన్పు నొప్పులు ఎందుకు మొదలవుతాయన్నది ఆయన ప్రశ్న. కడుపులోని గొర్రెపిల్లకు స్టెరాయిడ్ ఎక్కిస్తే తల్లి గొర్రె రోజులు నిండకుండానే ఈనింది. అంత ముందుగా పుట్టిన పిల్ల బతికే అవకాశం లేదనుకున్నారు. అది మాత్రం ఊపిరి పీలుస్తూ కనిపించింది. ఊపిరితిత్తులు తెరిచి చూస్తే, ఆ వయసుకు ఉండాల్సిన దానికంటే ముదిరి ఉన్నాయి. లిగ్గిన్స్, పిల్లల వైద్యుడు రాస్ హోవీతో కలిసి ఇదే సంగతిని తల్లుల్లో పరీక్షించి, 1972లో 282 మంది తల్లుల ఫలితాలు ప్రచురించారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్లో మందు అందని వాళ్లలో నూటికి దాదాపు 26 మందికి ఊపిరి ఇబ్బంది వస్తే, అందిన వాళ్లలో 9 మందికే వచ్చింది.

ఇంత స్పష్టమైన ఫలితం వచ్చినా వైద్యలోకం కదలడానికి ఇంకో ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నిపుణుల సమావేశం ఈ చికిత్సను గట్టిగా సిఫారసు చేసింది 1994లో. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ చిహ్నంలో కనిపించే అడ్డగీతలు ఈ స్టెరాయిడ్ పరీక్షల ఫలితాలే. రుజువు కళ్లముందే ఉన్నా వాడకపోతే ఎంతమంది బిడ్డలు పోతారో గుర్తుచేయడానికి ఆ చిహ్నం పెట్టుకున్నారు.

మన దేశంలో 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ 24 నుంచి 34 వారాల మధ్య కాన్పు వచ్చేలా ఉన్న తల్లులకు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వాలని మార్గదర్శకాలు ఇచ్చింది. పెద్దాసుపత్రికి పంపే ముందు మొదటి డోసు ఏఎన్‌ఎం కూడా ఇవ్వొచ్చని అందులోనే ఉంది. పేద దేశాల్లో ఇది నిజంగా మేలు చేస్తుందా అని కొన్నాళ్లు అనుమానాలు నడిచాయి. భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియా ఆసుపత్రుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పెద్ద పరీక్ష 2020లో వాటికి జవాబు చెప్పింది. 2,852 మంది తల్లులు పాల్గొన్న ఆ పరీక్షలో, డెక్సామెథసోన్ అందిన వాళ్ల బిడ్డల్లో నెల లోపు మరణాలు నూటికి 19.6, అందని వాళ్లలో 23.5. మేలు తేలిపోవడంతో పరీక్షను అనుకున్నదానికంటే ముందే ఆపేశారు.

ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అనే మాట మన ఊళ్లలో ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. ఊపిరితిత్తులకు ఆ లెక్క తెలియదు. కడుపులో వారం గడిచేకొద్దీ బిడ్డ బతికే అవకాశం పెరుగుతూ పోతుందే తప్ప ఎనిమిదో నెలలో తగ్గదు. అందుకే ఈ కథలో ఒక్కో రోజుకూ అంత విలువ. స్టెరాయిడ్ పూర్తి మేలు మొదటి డోసు పడిన 24 గంటల నుంచి వారం రోజుల మధ్య దక్కుతుంది. గ్రాఫు బెంబేలెత్తించేది కూడా సరిగ్గా ఆ మొదటి రెండు మూడు రోజుల్లోనే.

గ్రాఫు నేరుగా చూసేది ఆక్సిజన్‌ను కాదు

కడుపులో ఉన్న బిడ్డ ఒంట్లో ఆక్సిజన్ ఎంత ఉందో బయటినుంచి కొలిచే సాధనం లేదు. అందుకని బిడ్డ ప్రవర్తన చూసి ఊహిస్తాం. బాగున్న బిడ్డ కదులుతుంది, చేతులు ముడుస్తుంది, తెరుస్తుంది, ఉమ్మనీటిలోనే ఊపిరి సాధన చేస్తున్నట్టు ఛాతీ ఆడిస్తుంది, కాసేపు నిద్రపోతుంది. గుండె వేగం నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉంటూ, క్షణక్షణానికీ కొద్దిగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. డాక్టర్లు వేరియబిలిటీ అనేది ఈ హెచ్చుతగ్గులనే. కదిలినప్పుడు గుండె వేగం గబుక్కున పైకి లేచి మళ్లీ దిగుతుంది. ఇవన్నీ మెదడు నడిపించే పనులు. ఆక్సిజన్ తగ్గితే మెదడు పొదుపు మొదలుపెడుతుంది, ఈ పనులను ఒక్కొక్కటిగా మానేస్తుంది.

ఇరవై నుంచి నలభై నిమిషాలు గుండె చప్పుడు గీయించే ఎన్‌ఎస్‌టీ పరీక్ష ఆధారపడేది దీనిమీదే. స్కానింగ్ చేస్తూ కదలికలు, కండరాల బిగువు, శ్వాస కదలికలు, ఉమ్మనీరు చూసి, ఎన్‌ఎస్‌టీతో కలిపి పదికి మార్కులు వేసే బయోఫిజికల్ ప్రొఫైల్ కూడా అంతే. ఫ్రాంక్ మానింగ్ బృందం 1980లో తెచ్చిన పద్ధతి అది. ఎనిమిది, పది వస్తే నిశ్చింత. ఆరు వస్తే అనుమానం, నాలుగు, అంతకంటే తక్కువైతే కంగారు.

నెలలు తక్కువ బిడ్డల్లో ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. మెదడు ఇంకా ముదరదు కాబట్టి, ఏ మందూ ఇవ్వకపోయినా వాళ్ల గ్రాఫు నిండు నెలల బిడ్డ గ్రాఫులా ఉండదు. 24 నుంచి 28 వారాల మధ్య ఆరోగ్యంగా ఉన్న బిడ్డల్లోనే సగం మంది దాకా ఎన్‌ఎస్‌టీలో ‘నాన్ రియాక్టివ్’, అంటే గుండె వేగం కావలసినంతగా పైకి లేవలేదు, అనిపించుకుంటారు. అందుకే 32 వారాల లోపు కొలత తగ్గించారు. పెద్ద బిడ్డలో గుండె వేగం 15 పెరిగి 15 సెకన్లు నిలవాలి. చిన్న బిడ్డలో 10 పెరిగి 10 సెకన్లు నిలిస్తే చాలు. రిపోర్టు చేతికి రాగానే ‘నాన్ రియాక్టివ్’ అనే మాట చూసి ఇంటర్నెట్‌లో వెతికే వాళ్లు ముందు ఎన్ని వారాలో చూసుకోవాలి.

మొదటి సూది నుంచి నాలుగో రోజు వరకు

ఇలా ఇచ్చే స్టెరాయిడ్లు రెండు, డెక్సామెథసోన్, బీటామెథసోన్. ఎక్కువ అధ్యయనాలు జరిగిన బీటామెథసోన్‌తో ఏం జరుగుతుందో చూద్దాం. మొదటి డోసు పడిన తొలి రోజున బిడ్డ గుండె వేగం కొద్దిగా తగ్గి, హెచ్చుతగ్గులు మామూలు కంటే కాస్త పెరగొచ్చు. అంటే గ్రాఫు బాగుందనిపిస్తుంది. రెండో రోజు, మూడో రోజు పరిస్థితి తిరగబడుతుంది. హెచ్చుతగ్గులు తగ్గుతాయి, కదిలినప్పుడు పైకి లేచే ఎత్తులు అరుదవుతాయి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ పరిశోధకులు 1997లో ప్రచురించిన అధ్యయనంలో రెండో రోజున బిడ్డ కదలికలు దాదాపు సగానికి పడిపోయాయి. ఛాతీ కదలికలైతే నూటికి ఎనభైకి పైగా తగ్గాయి. పగలు ఒకలా రాత్రి ఒకలా ఉండే బిడ్డ దినచర్య కూడా ఆ రెండు రోజులు చెదిరిపోతుంది. నాలుగో రోజుకు అన్నీ మళ్లీ మామూలు స్థాయికి వచ్చేస్తాయి.

ఈ తగ్గుదలతో పాటు బిడ్డ రక్తంలో ఆక్సిజన్ తగ్గిన జాడ కనిపించదు. బయోఫిజికల్ ప్రొఫైల్ మార్కులు స్టెరాయిడ్ తర్వాత పడిపోయిన బిడ్డలను పుట్టాక పోల్చి చూసిన అధ్యయనాల్లో, వాళ్లు మార్కులు పడిపోని బిడ్డల కంటే అధ్వానంగా ఏమీ లేరు. కనుక తేడా వచ్చింది మెదడు దగ్గర. స్టెరాయిడ్‌ను అందుకునే గ్రాహకాలు బిడ్డ మెదడు నిండా ఉంటాయి. మందు అక్కడికి చేరి, కదలికలను, శ్వాసను, గుండె లయను నడిపే భాగాలను కొన్నాళ్లు నెమ్మదింపజేస్తుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు కూడా నెమ్మదించేది ఆ భాగాలే కాబట్టి గ్రాఫులో రెండూ ఒకేలా కనిపిస్తాయి. స్టెరాయిడ్ ఇచ్చిన సంగతి తెలియకుండా గ్రాఫు చదవడమంటే, తక్కెడలో రాళ్లు మారిన సంగతి తెలియకుండా తూచడమే.

మరి తల్లి ఒంట్లో సహజంగానే కార్టిసాల్ అనే స్టెరాయిడ్ ఉంటుంది కదా, అది బిడ్డను ఎందుకు ఏమీ చేయదు? మాయలో (ప్లసెంటాలో) ఉండే ఒక ఎంజైము తల్లి కార్టిసాల్‌ను చాలావరకు పనికిరాని రూపంలోకి మార్చేస్తుంది. ఆస్తమా ఉన్న గర్భిణి వాడే ప్రెడ్నిసొలోన్‌కు కూడా ఇదే గతి. బీటామెథసోన్, డెక్సామెథసోన్ మాత్రం ఆ కాపలాను దాటి బిడ్డకు చేరతాయి. ఊపిరితిత్తుల కోసం ఈ రెండు మందులనే ఎంచుకోవడానికి కారణం అదే. మెదడు మీద తాత్కాలిక ప్రభావం పడటానికి కారణం కూడా అదే.

బీటా వేరు, డెక్సా వేరు

అణువుగా చూస్తే ఈ రెంటికీ తేడా అత్యల్పం. ఒకే ఒక్క మిథైల్ గుంపు అటువైపు తిరిగి ఉందా ఇటువైపు తిరిగి ఉందా అన్నదే. ఒంట్లో నడక మాత్రం వేరు. విదేశాల్లో వాడే బీటామెథసోన్‌లో రెండు లవణాలు కలిసి ఉంటాయి. ఒకటి వెంటనే పనిచేస్తుంది, రెండోది మెల్లగా విడుదలవుతుంది. అందుకే 12 మిల్లీగ్రాముల చొప్పున 24 గంటల తేడాతో రెండు డోసులు సరిపోతాయి. డెక్సామెథసోన్ త్వరగా పనిచేసి త్వరగా వెళ్లిపోతుంది కాబట్టి 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకొకటి, మొత్తం నాలుగు డోసులు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చేది ఇదే. ధర తక్కువ, ఎక్కడైనా దొరుకుతుంది.

ఉట్రెక్ట్ అధ్యయనంలో డెక్సా తీసుకున్న వాళ్లలో ఈ నెమ్మదింపు స్పష్టంగా కనిపించలేదు. మరికొన్ని అధ్యయనాల్లో డెక్సాతో కూడా కదలికలు, గుండె స్పందన తగ్గాయి. కాబట్టి డెక్సా ఇచ్చారు గనక గ్రాఫు మారకూడదు అని పట్టుబట్టడానికి లేదు. అయితే డెక్సా మీద ఉన్న తల్లి గ్రాఫు బాగా చదునైపోతే, ‘మందు వల్లే’ అనే జవాబుతో సరిపెట్టుకునే ముందు ఇంకాస్త గట్టిగా వెతకాలి. బీటా విషయంలో ఇచ్చినంత వెసులుబాటు దీనికి ఇవ్వకూడదని నా అభిప్రాయం.

మందు తాకని పరీక్షలు

మెదడు మీద ఆధారపడని కొలతల దగ్గరికి వెళితే చిక్కు కొంత విడుతుంది. మొదటిది ఉమ్మనీరు. అది రోజుల తరబడి బిడ్డ మూత్రపిండాలకు రక్తం ఎలా అందిందో చెబుతుంది. స్టెరాయిడ్ దాన్ని రెండు రోజుల్లో తగ్గించేయదు. బయోఫిజికల్ ప్రొఫైల్‌లో శ్వాసకు రెండు, ఎన్‌ఎస్‌టీకి రెండు మార్కులు పోయి ఆరు మిగిలి, ఉమ్మనీరు నిండుగా, కండరాల బిగువు బాగా ఉందనుకోండి. మొన్ననే బీటామెథసోన్ పడిన బిడ్డలో ఆ ఆరుకు అర్థం వేరు. ఉమ్మనీరు తగ్గిపోయి వచ్చిన ఆరు, ఈ ఆరు ఒకటి కావు. మొత్తం మార్కులు ఒక్కటే రిపోర్టులో రాసి, ఏది పోయిందో రాయకపోతే ఈ తేడా కనిపించదు.

రెండోది డాప్లర్. బొడ్డుతాడులో రక్తం పారే తీరును, దాన్నిబట్టి మాయలో ఎదురయ్యే అడ్డును అది చూపిస్తుంది. బిడ్డ ఎదుగుదల మామూలుగా ఉన్నప్పుడు స్టెరాయిడ్ వల్ల బొడ్డుతాడు డాప్లర్ పెద్దగా మారదు. అందుకే గ్రాఫు అనుమానంగా ఉండి డాప్లర్ బాగుంటే, డాక్టరు ఇంకాసేపు వేచి చూసి మళ్లీ గ్రాఫు తీయడానికి ధైర్యం వస్తుంది.

అయితే డాప్లర్ మీద ఎక్కువగా ఆధారపడాల్సిన బిడ్డల్లోనే అది కొన్ని రోజులు తప్పుదారి పట్టిస్తుంది. మాయ సరిగా పనిచేయక ఎదుగుదల ఆగిన బిడ్డల్లో, గుండె రెండు కొట్టుకోడాల మధ్య బొడ్డుతాడులో రక్తప్రవాహం ఆగిపోతుంటుంది. బీటామెథసోన్ ఇచ్చాక ఇలాంటి బిడ్డల్లో చాలామందికి ఆ ఆగిన ప్రవాహం తిరిగి కనిపిస్తుంది. కుటుంబానికి అది శుభవార్తలా అనిపిస్తుంది, ఇంటికి వెళ్దామా అని కూడా అడుగుతారు. కానీ మాయ బాగుపడలేదు. కొన్ని రోజుల్లో ఆ మెరుగు కరిగిపోతుంది. ఒక్క డాప్లర్ బాగా వచ్చిందని చూసి, ఇలాంటి తల్లిని మందు పడిన వారంలో డిశ్చార్జి చేయడం ప్రమాదం. ఇంత మందు ఇచ్చినా ఆ ప్రవాహం తిరిగి రాకపోతే దాన్ని ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. ప్రవాహం వెనక్కు తిరుగుతుంటే అది ఇంకా ప్రమాదకరం.

కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో గ్రాఫును కంప్యూటరు చదువుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో డాస్, రెడ్‌మన్ తయారుచేసిన పద్ధతి అది. గుండె కొట్టుకోవడంలో చిన్న చిన్న తేడాలను మిల్లీసెకన్లలో లెక్కగడుతుంది. యూరప్‌లో ఎదుగుదల ఆగిన బిడ్డల మీద జరిగిన ట్రఫుల్ పరీక్షలో ఈ లెక్క 29 వారాల లోపు 2.6 కంటే, ఆ తర్వాత 32 వారాల దాకా 3 కంటే తగ్గితే కాన్పు చేసేవారు. యంత్రం చెప్పే ఆ అంకె కూడా బీటా తర్వాత తగ్గుతుంది. కంప్యూటరుకు సూది సంగతి తెలియదు, ఎవరో ఒకరు చెప్పాలి.

స్టెరాయిడ్ మీదికి నెట్టకూడనివి

మందు హెచ్చుతగ్గులను తగ్గిస్తుందే కానీ పూర్తిగా చెరిపేయదు. గీత గీసినట్టు ఏమాత్రం కదలిక లేని గ్రాఫును స్టెరాయిడ్ ఖాతాలో వేయకూడదు. నొప్పి వచ్చిన ప్రతిసారీ నొప్పి తగ్గే వేళకు గుండె వేగం పడిపోవడం, ఎంతసేపటికీ తేరుకోకపోవడం, అలల్లా ఒకే తీరులో ఊగే సైనుసాయిడల్ గ్రాఫు, గుండె వేగం 160 దాటి అక్కడే నిలిచిపోవడం, ఇవేవీ ఈ మందు చేసే పనులు కావు. వీటికి వేరే కారణం వెతకాలి. మాయ విడిపోయి రక్తస్రావమవుతోందా, ఉమ్మనీటి సంచిలో ఇన్‌ఫెక్షన్ ఉందా, బొడ్డుతాడు నొక్కుకుపోతోందా అని చూడాలి.

గడువు కూడా ముఖ్యమే. మొదటి డోసు పడి నాలుగు రోజులు దాటాక కూడా గ్రాఫు అలాగే ఉంటే స్టెరాయిడ్ సాకు చెల్లదు. సూది పడకముందు తీసిన గ్రాఫు ఉంటే పోల్చుకోవడానికి ఎంతో పనికొస్తుంది. ముందునుంచే చదునుగా ఉన్న గ్రాఫును తర్వాత మందు మీదికి నెట్టకుండా అది ఆపుతుంది. అలాగని గ్రాఫు తీసేదాకా సూది ఆపి కూర్చోవడం కూడా తప్పే.

ఇంకో మందు కూడా ఈ కథలోకి వస్తుంది. బీపీ ఎక్కువై ఫిట్స్ భయం ఉన్న తల్లులకు, మరీ ముందుగా పుట్టబోయే బిడ్డ మెదడు రక్షణకు మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కిస్తారు. అది కూడా గుండె హెచ్చుతగ్గులను కొంత తగ్గిస్తుంది. నెలలు తక్కువ కాన్పుల్లో ఈ రెండు మందులు తరచుగా ఒకే రోజున పడతాయి. 27 వారాల వయసు, మెగ్నీషియం, రెండో రోజు బీటా, ఈ మూడూ కలిసిన గ్రాఫు చూసి ఒక్కమాటలో తీర్పు చెప్పే వాళ్లుంటే నాకైతే అనుమానమే. అలాంటప్పుడు గంటకు పైగా గ్రాఫు తీయడం, కొన్ని గంటల తర్వాత మళ్లీ తీయడం, మధ్యలో డాప్లర్ చూడటం, ఈ ఓపిక ఒక్క పరీక్ష మీద తీసుకునే నిర్ణయం కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

తల్లి షుగరు, తెల్ల కణాలు, కదలికల లెక్క

బిడ్డను చూడటమంటే తల్లిని కూడా చూడటమే. మొదటి డోసు పడిన దాదాపు 12 గంటల నుంచి తల్లి రక్తంలో షుగరు పెరగడం మొదలవుతుంది. కొందరిలో అయిదు రోజుల దాకా ఎక్కువగానే ఉంటుంది. గర్భంలో షుగరు వచ్చిన తల్లులు మన దగ్గర తక్కువేం కాదు. వాళ్లకు ఈ రోజుల్లో ఇన్సులిన్ డోసు పెంచాల్సి రావచ్చు, అందుకే షుగరు తరచుగా చూస్తుంటారు. షుగరు అదుపు తప్పి కీటోఅసిడోసిస్ (రక్తం ఆమ్లంగా మారే ప్రమాదకర స్థితి) దాకా వెళితే బిడ్డ గ్రాఫు నిజంగానే దెబ్బతింటుంది. అప్పుడు చేయాల్సింది తల్లికి వైద్యం. తల్లి తేరుకుంటే గ్రాఫు కూడా తేరుకుంటుంది.

తెల్ల రక్త కణాల సంఖ్య కూడా ఒకటి రెండు రోజులు పెరుగుతుంది. ఉమ్మనీరు ముందే పోయిన తల్లిలో ఇన్‌ఫెక్షన్ ఉందేమోనని డాక్టర్లు కనిపెట్టి చూసే లెక్క ఇదే కాబట్టి అక్కడ కూడా తికమక తప్పదు. జ్వరం, పొట్ట నొక్కితే నొప్పి, వాసనతో కూడిన స్రావం మాత్రం స్టెరాయిడ్ తెచ్చేవి కావు.

ఇక కదలికలు. సూది పడ్డాక రెండు మూడు రోజులు బిడ్డ కాస్త తక్కువగా కదలొచ్చని తల్లికి ముందే చెబితే సగం టెన్షన్ తగ్గుతుంది. కానీ ఆ మాట చెప్పే తీరులో జాగ్రత్త ఉండాలి. ‘తగ్గుతాయి, పట్టించుకోకండి’ అని చెప్పకూడదు. ‘తగ్గొచ్చు, తగ్గితే మాకు చెప్పండి, చూసి చెబుతాం’ అనాలి. తగ్గింది మందు వల్లా, ఇంకేదైనా కారణమా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చే విషయం కాదు. అత్తగారో పక్కింటి ఆంటీయో ‘మా అమ్మాయికీ ఇలాగే అయింది, ఏం కాలేదు’ అని ధైర్యం చెప్పినా ఆసుపత్రికి ఫోన్ చేయాల్సిందే. కదలికలు పూర్తిగా ఆగినట్టు అనిపించినా, రక్తం కనిపించినా, నీరు పోయినా ఫోన్ కూడా అక్కర్లేదు, నేరుగా వెళ్లడమే.

స్టెరాయిడ్ అన్న మాట వినగానే జిమ్ముల్లో కండలు పెంచే మందులు గుర్తొచ్చి భయపడే కుటుంబాలు ఉన్నాయి. ఇవి ఆ జాతివి కావు. ఒక కోర్సు తర్వాత వారం గడిచినా కాన్పు కాక, మళ్లీ ప్రమాదం ముంచుకొస్తే ఇంకో కోర్సు ఇవ్వాలా అన్నది డాక్టరు ఆలోచించే విషయం. పదే పదే ఇచ్చిన పరీక్షల్లో బిడ్డల బరువు తగ్గింది కాబట్టి దాన్ని అలవాటుగా చేయరు. రెండో కోర్సు ఇస్తే మాత్రం పైన చెప్పిన నాలుగు రోజుల లెక్క మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది.

పుట్టాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది. 34 వారాలు దాటాక స్టెరాయిడ్ ఇచ్చి చూసిన 2016 నాటి అమెరికా పరీక్షలో ఊపిరి ఇబ్బందులు తగ్గాయి. కానీ పుట్టిన బిడ్డల్లో రక్తంలో షుగరు పడిపోవడం నూటికి 15 నుంచి 24కు పెరిగింది. అందుకే స్టెరాయిడ్ పడిన తల్లికి పుట్టిన బిడ్డకు మొదటి రోజు మడమ దగ్గర సూది పొడిచి షుగరు చూస్తారు. బిడ్డను గుచ్చుతున్నారని బాధపడి వద్దనకండి.

చీటీ మీద రాయాల్సిన గంట

మన జిల్లాల్లో ఈ ప్రయాణం సాధారణంగా ఒక ఆసుపత్రిలో ముగియదు. మొదటి డోసు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పడుతుంది. 108లో ఏరియా ఆసుపత్రికి, అక్కడ ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) పడక లేకపోతే నగరంలోని పెద్దాసుపత్రికి పంపుతారు. గ్రాఫు తీసే డాక్టరు తల్లిని చూసేది బహుశా మూడో చోట, రెండో రోజు రాత్రి. ఆ సమయానికి చీటీ మీద ‘స్టెరాయిడ్ ఇచ్చాం’ అని మాత్రమే ఉంటే అది దాదాపు పనికిరాని వాక్యం. బీటానా డెక్సానా, మొదటి డోసు ఏ తేదీన ఎన్ని గంటలకు, ఇంకా ఎన్ని డోసులు బాకీ, మెగ్నీషియం ఎక్కించారా, సూదికి ముందు గుండె చప్పుడు ఎంత ఉంది, ఇవి ఉండాలి. లేకపోతే డోసులు రెండుసార్లు పడే ప్రమాదం కూడా ఉంది.

తల్లి వెంట వెళ్లేవాళ్లు చేయగలిగింది కూడా ఇక్కడే ఉంది. సూది పడిన వెంటనే పేరు అడిగి, సీసా మీద ఉన్న మాటను గడియారంలో టైంతో సహా తల్లీబిడ్డల కార్డు వెనక రాయించుకోండి, లేదా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. గ్రాఫు చూసి డాక్టరు మొహం ముడిచినప్పుడు ‘సార్, మొదటి డోసు సోమవారం సాయంత్రం ఆరింటికి, డెక్సా’ అని చెప్పగలిగితే, ఆ గ్రాఫును ఏ రోజు లెక్కలో చదవాలో ఆయనకు వెంటనే తెలుస్తుంది.